పదహారు క్వింటాళ్ల గోడ

ముందు చప్పుడు రాలేదు. ఇసుక రాలింది.

సజ్జ గోడలోకి దూరిన చోట సన్నని గీత పడి, జల్లెడలోంచి పిండి జారినట్టు ఇసుక జారడం మొదలైంది. అది చూసినవాడు ఒక్కడే, మా లెక్కల మాస్టారు. సజ్జ కింద గొంతుక్కూర్చుని ఇటుక ముక్కలు ఏరి గమేళాలో వేస్తున్న ఇన్సూరెన్స్ ఏజెంటు తల ఎత్తలేదు. గోడకి అవతల మంచె మీద నా పక్కన ఉన్న లైన్‌మన్ అప్పటికే సమ్మెట ఎత్తాడు.

"ఒరే, ఇవతలికి రా! రారా!"

ఏజెంటు విన్నాడు. కానీ అరుపు వినగానే మనిషి ముందు పరుగెత్తడు, అరిచినవాడి మొహం చూస్తాడు. వాడూ అదే చేశాడు. అంతలో సమ్మెట గోడ మీద పడింది. పదడుగుల సిమెంటు పలక, దాని మీద మేం పేర్చిన ఇటుకలతో సహా ముందుకి వంగి, గోడలోంచి ఊడి, వాడి మీదికి వచ్చింది.

అప్పుడు వచ్చింది చప్పుడు. వెనకాలే దుమ్ము. ఆ దుమ్ములో ఎవరికీ ఎవరూ కనపడలేదు. పెరట్లో కొబ్బరిచెట్టు నీడన కుర్చీలో కూర్చున్న మా అమ్మ గొంతు మాత్రం వినిపించింది.

"లోపల ఎవరున్నార్రా?"

2024 ఫిబ్రవరిలో ఒక ఆదివారం, పొద్దున్న పదకొండుంబావు. ఊరు కోనసీమలో, వైనతేయ గోదావరి గట్టుకి కూతవేటు దూరంలో. మేం ఐదుగురం పదో తరగతి 1988 బ్యాచ్. ఒకరినొకరు పేర్లతో పిలుచుకోవడం మానేసి చాలా ఏళ్లయింది. ఎవడి పని వాడి పేరు. లెక్కల మాస్టారు, లైన్‌మన్, ఏజెంటు, కొబ్బరికాయల షావుకారు, బ్యాంకోడు. బ్యాంకోణ్ని నేను. కూలిన వంటిల్లు మాది.

నీళ్లకు అందని ఎత్తు

ఆ సజ్జ అక్కడికి ఎందుకొచ్చిందో తెలియాలంటే 1986 వరదతో మొదలుపెట్టాలి.

ఆ ఏడాది ఆగస్టులో వచ్చిన గోదారిని మా వైపు ఇప్పటికీ కొలబద్దగా వాడతారు. ఎంత వరదొచ్చినా "ఎనభయ్యారంత ఉందా?" అనే అడుగుతారు. ధవళేశ్వరం దగ్గర ప్రవాహం 35 లక్షల క్యూసెక్కులు దాటింది. గట్లు తెగాయి. లంకలే కాదు, ఎప్పుడూ మునగని ఊళ్లూ మునిగాయి. మేం అప్పుడు తొమ్మిదో తరగతి. హైస్కూలు డాబా మీద నాలుగు రాత్రులు పడుకున్నాం.

తిరిగొచ్చేసరికి పెంకుటిల్లు నిలబడే ఉంది. దాని వెనక మట్టిగోడల వంటిల్లు మాత్రం నీళ్లలో నాని కుప్పగా కూర్చుంది. ఏడాదికని దాచిన బియ్యం, కందిపప్పు, చింతపండు, మూడు జాడీల ఆవకాయ బురదపాలయ్యాయి. గోడలు పోయినందుకు అమ్మ ఏడవలేదు. జాడీల దగ్గర కూర్చుని ఏడ్చింది.

మరుసటి వేసవిలో నాన్న కొత్త వంటిల్లు కట్టించాడు. తొమ్మిదంగుళాల ఇటుక గోడలు, సిమెంటు కట్టుబడి, పైన బంగాళా పెంకులు. కొలతలన్నీ మేస్త్రి చెప్పినవే, ఒక్కటి తప్ప. పొయ్యి ఉన్న గోడకి, నేల నుంచి ఏడడుగుల ఎత్తున, గోడ పొడవునా సజ్జ ఉండాలని నాన్న పట్టుబట్టాడు. రెండడుగుల వెడల్పు, పదడుగుల పొడవు, మూడంగుళాల మందం. పెద్దింటి గోడ మీద వరద ఆనవాలు నాలుగడుగుల దగ్గర ఉంది. మిగతా మూడడుగులు ఆయన తన భయం కోసం కలుపుకున్నాడు.

ఆ ఇటుకలు మోసింది మేమే. ట్రాక్టరువాడు రోడ్డు మీద దింపేసి పోతే, సెలవుల్లో పనీపాటా లేకుండా తిరుగుతున్న ఐదుగురం వరసగా నిలబడి ఒకరి చేతిలోంచి ఒకరికి అందించాం. కూలి కింద నాన్న తలో గోళీసోడా ఇప్పించాడు.

సజ్జ తన పని తాను చేసింది. 1996 నవంబరు తుపాను రాత్రి కోనసీమ కొబ్బరితోటలు నేలకొరిగాయి, మా వంటింటి పెంకులు సగం లేచిపోయాయి, సజ్జ చెక్కుచెదరలేదు. 2022 జులైలో ధవళేశ్వరం దగ్గర ప్రవాహం మళ్లీ 25 లక్షల క్యూసెక్కులు దాటిందని టీవీలో విని, అమ్మ మాకెవ్వరికీ చెప్పకుండా పక్కింటి కుర్రాడి చేత బియ్యం బస్తా దాని మీదికి ఎక్కించింది. నీళ్లు మా వీధిలోకి రాలేదు. బస్తా మాత్రం దసరా దాకా అక్కడే ఉంది.

నలభై వేలకి పౌరుషం

2024 నాటికి నాన్న పోయి తొమ్మిదేళ్లయింది. నేను రాజమండ్రిలో. అమ్మకి 76 ఏళ్లు. ఇంట్లోంచి వంటింట్లోకి దిగాలంటే అడుగున్నర మెట్టు. మోకాళ్ల నొప్పులతో ఆ మెట్టు రోజుకి ఇరవైసార్లు ఎక్కి దిగుతోంది. వానొస్తే మూడు చోట్ల గిన్నెలు పెట్టాలి. పగలు కూడా లైటు వేస్తే గానీ పప్పులో రాయి కనపడదు. పాతది తీసేసి, ఇంటి నేలతో సమంగా, గట్టు, సింకు, వెడల్పాటి కిటికీతో కొత్త వంటిల్లు కట్టిద్దామని ఆ సంక్రాంతికి అనుకున్నాం.

కాంట్రాక్టరు వచ్చి చూశాడు. పాతది కూల్చి, మట్టి ఎత్తిపోయడానికే 40 వేలన్నాడు. ఆ అంకె నేను మా పదో తరగతి గ్రూపులో పెట్టాను. అదే పొరపాటయింది.

"నలభై వేలా? ఆ డబ్బుతో నేను నాలుగు లారీల కాయలు ఒలిపిస్తాను," అన్నాడు షావుకారు.

"కట్టేటప్పుడు ఇటుకలు మోసిందెవరు? కూల్చేటప్పుడూ మనమే," అన్నాడు ఏజెంటు.

"సమ్మెటలు నేను తెస్తాను. గునపాలు షావుకారువి. పెసరట్లు బ్యాంకోడింట్లో," అని లైన్‌మన్ పని పంచేశాడు.

యాభై దాటిన మగవాళ్లకి ఆదివారం పూట సమ్మెట పట్టే అవకాశం వస్తే ఒళ్లు నొప్పులు గుర్తుకురావు. వారం రోజులు గ్రూపులో వీడియోలే వీడియోలు. అమెరికాలో స్నేహితులు కళ్లద్దాలు పెట్టుకుని, పాటలు పెట్టుకుని, నవ్వుకుంటూ వంటిల్లు పగలగొడుతుంటారు. సమ్మెట ఒక్కటి వేస్తే గోడలో కన్నం. రెండు వేస్తే గోడే ఉండదు. అక్కడ ఇళ్లలో లోపలి గోడంటే చాలావరకు చెక్క చట్రానికి బిగించిన జిప్సం అట్ట. మాది ఇటుక మీద ఇటుక పేర్చి, ఒకదాని బరువు ఇంకోదాని మీద మోపి కట్టిన గోడ. ఆ తేడా మాకు తెలియక కాదు. వీడియోలో నవ్వులు చూశాక ఆ తేడాని లెక్కలోకి తీసుకోలేదు, అంతే.

పైనుంచి కిందికి

ఆ ఆదివారం ఏడు గంటలకల్లా నలుగురూ వచ్చేశారు. మొదటి పని లైన్‌మన్‌ది. మెయిన్ కట్టేసి, ఫ్యూజులు పీకి చొక్కా జేబులో వేసుకున్నాడు. "ఇవి నా జేబులో ఉన్నంతసేపే నాకు నమ్మకం. పెట్టెలో వదిలేస్తే ఎవడో ఒకడు ఫోను చార్జింగుకని పెట్టేస్తాడు," అన్నాడు. గ్యాసు సిలిండరు విప్పి పెరటి చివర నీడలో పెట్టాం. ట్యాంకు నుంచి వచ్చే నీళ్లు కట్టేశాం. అంతవరకు మమ్మల్ని తప్పుపట్టడానికి లేదు.

అమ్మ రెండు రోజుల ముందు నుంచీ సామాను సర్దుతోంది. సజ్జ మీంచి ఇత్తడి గంగాళం, కాగులు, ఖాళీ జాడీలు, నాన్న కొన్న పెట్రోమాక్సు లైటు దిగాయి. ఒక్కటి మాత్రం ఆమె కదపనివ్వలేదు. పొయ్యి గోడకి ఎడమ చివర, సజ్జ అంచుకి సరిగ్గా కింద, నేలలో పాతిన నల్లరాతి రుబ్బురోలు. మిక్సీ వచ్చాక దాని మీద మంచినీళ్ల బిందె కూర్చునేది.

"దాన్ని ఆఖర్న తియ్యండి. పసుపు రాసి దణ్ణం పెట్టుకున్నాక నేను చెప్తాను," అంది.

"కాళ్లకి అడ్డం కదండీ పిన్నిగారూ," అన్నాడు షావుకారు.

"అడ్డమైతే చుట్టూ తిరగండి."

ఆ తర్వాత నేను పెరట్లో కుర్చీ వేశాను. "దుమ్మమ్మా, నీకు పడదు. ఇక్కడ కూర్చో," అన్నాను. కూర్చుంది. ఏదో చెప్పబోయి, నేను అప్పటికే వెనక్కి తిరగడం చూసి ఊరుకుంది. ఆ సంగతి నాకు తర్వాత గుర్తొచ్చింది.

ముందు పెంకులు. 1987లో ఇటుకలు అందించినట్టే వరసగా నిలబడి, ఒకరి చేతిలోంచి ఒకరికి దించుకున్నాం. రెండొందల ముప్పై దిగాయి, పగిలినవి పదకొండు. పెంకుల కింద రీపర్లు, వాటి కింద వాసాలు. గ్యాసు 1994లోనే వచ్చినా నీళ్లు కాయడానికి, పిండివంటలకి అమ్మ మట్టిపొయ్యి వదల్లేదు. అన్నేళ్ల కొబ్బరి డొక్కల పొగ వాసాలకి తారులా పట్టి ఉంది. చేయి వేస్తే నల్లగా అంటుకుని, సబ్బుకి కూడా లొంగలేదు. గోడ తల మీద ఎలుక సంసారం బయటపడింది. చింతపిక్కలు, ఉల్లిపొట్టు, నలిగిన ఓటరు స్లిప్పు, ఎన్నాళ్లుగానో అమ్మ వెతుకుతున్న చిన్న అట్లకాడ. దాన్ని తీసుకెళ్లి ఇస్తే అమ్మ చీరకొంగుతో తుడిచి ఒళ్లో పెట్టుకుంది.

తొమ్మిదిన్నరకి దూలం దిగింది. ఎవరికీ గీత పడలేదు. పెసరట్లు, అల్లం పచ్చడి, టీ.

పైనుంచి కిందికి. కూల్చే పనిలో అందరికీ తెలిసిన సూత్రం ఇదే. పైన ఉన్నది ముందు తీస్తే కింద ఉన్నవాడికి ప్రమాదం లేదంటారు. మేం దాన్ని తు.చ. తప్పకుండా పాటిస్తున్నాం. అందుకే మాకు భయం వేయలేదు. మమ్మల్ని దెబ్బతీసింది కూడా ఆ భయం లేకపోవడమే.

"దాని మీద పెట్టండిరా"

పొయ్యి గోడ సజ్జకి పైన ఇంకో నాలుగడుగులు ఉంది. గోడకి బయటి వైపు బాదులతో మంచె కట్టుకుని, పదింటికి లైన్‌మన్, నేను వరస తర్వాత వరస విప్పడం మొదలుపెట్టాం. లోపల ఏజెంటు, షావుకారు పడినవి ఏరుతున్నారు. మాస్టారు గుమ్మం దగ్గర నిలబడి పెరటి గట్టుకి ఎన్ని ఇటుకలు వస్తాయో లెక్కేస్తున్నాడు.

నాన్న సిమెంటు దగ్గర పిసినారితనం చేయలేదు. సగం ఇటుకలు విడదీసేటప్పుడే పగిలాయి. పగలనివి చూస్తే కిందికి విసరబుద్ధి కాలేదు. ముందుకి వంగితే చేతికందే దూరంలో సజ్జ, చదునుగా, ఖాళీగా, బల్లలా ఉంది.

"దాని మీద పెట్టండిరా, తర్వాత దించుకుందాం."

ఆ మాట అన్నదెవరు? తర్వాత ఐదుగురం కూర్చుని గుర్తు చేసుకోబోయాం. ఎవరికీ గుర్తు రాలేదు. నేనే అయ్యుంటాను.

పదకొండు దాటేసరికి నాలుగడుగుల గోడలో సగం దిగింది. సజ్జ మీద అరవైకి పైగా ఇటుకలు, పెళ్లిలో లడ్డూలు పేర్చినంత అందంగా కూర్చున్నాయి. ఏజెంటు సజ్జ కింద నీడ ఉందని అక్కడ చేరాడు. పెంకులు లేని వంటింట్లో అదొక్కటే నీడ.

ఆ తర్వాత ఇసుక రాలింది.

అంగుళం లేపు, చెక్క దూర్చు

"లోపల ఎవరున్నార్రా?" అని అమ్మ రెండోసారి అరిచింది. ముగ్గురం పలికాం. షావుకారు దగ్గుతూ నాలుగోవాడయ్యాడు.

ఐదో గొంతు నేల మీంచి వచ్చింది. "ఉన్నాన్రా... కాలు."

దుమ్ము కాస్త తగ్గాక చూశాం. పలక ముందు అంచు నేల మీద పడాల్సింది. ఎడమ చివర మాత్రం రుబ్బురోలు మీద ఆగింది. వెనక అంచు మిగిలిన గోడకి ఆని ఉంది. మధ్యలో చిట్లినా లోపలి ఇనుప కడ్డీలు విడిపోనివ్వలేదు. రోలు పక్కన, గోడకీ పలకకీ మధ్య, మనిషి ముడుచుకుని పడుకునేంత సందు మిగిలింది. ఏజెంటు తల, ఛాతీ ఆ సందులో ఉన్నాయి. కుడికాలు మోకాలి కింద పలక నేలకి దిగిన వైపు ఇరుక్కుంది. సజ్జ మీది ఇటుకలు పలక వంగినప్పుడే ముందుకి జారి అవతల పడ్డాయి. అవి వాడి మీద పడి ఉంటే ఈ గాథ ఇంకోలా రాయాల్సి వచ్చేది.

షావుకారు పలక కింద రెండు చేతులూ పెట్టి లేపబోయాడు. మేమూ కలిశాం. కదల్లేదు.

"చేతులు తియ్యండి! జారితే మీ వేళ్లూ పోతాయి," అని లైన్‌మన్ అరిచాడు. పాతికేళ్లుగా కరెంటు స్తంభాలు నిలబెట్టినవాడు. బరువుతో ఎలా మాట్లాడాలో మాలో వాడొక్కడికే తెలుసు. గునపం తెప్పించాడు. దాని కింద ఇటుక పెట్టాడు. "షావుకారూ, నువ్వు గునపం చివర కూర్చో. మాస్టారూ, రీపరు ముక్కలు. అంగుళం లేస్తే ఒక చెక్క దూర్చు. లేచింది మళ్లీ దిగకూడదు." నన్ను 108కి ఫోన్ చెయ్యమన్నాడు.

నేను ఫోన్లో దారి చెబుతుండగా అమ్మ నా పక్కనుంచే లోపలికి వెళ్లింది. చెప్పులు లేవు. ఇటుక పెళ్లల మీద నడుచుకుంటూ వెళ్లి, రోలు పక్కన చతికిలపడి, ఏజెంటు చెయ్యి పట్టుకుంది.

"ఏరా, పెద్దపిల్లకి భీమవరం సంబంధం అన్నావు, ఏమైంది?"

"వాళ్లు... కారు అడుగుతున్నారు పిన్నీ."

"అడిగితే ఇచ్చేస్తావా? అబ్బాయి ఏం చేస్తాడు? చెప్పు. కళ్లు మూయకు, నా మొహం చూసి చెప్పు."

అంగుళం లేచింది. చెక్క దూరింది. ఇంకో అంగుళం. ఇంకో చెక్క. ఏజెంటు అబ్బాయి ఉద్యోగం, జీతం, వాళ్ల పొలం ఎన్నెకరాలో చెబుతూనే ఉన్నాడు. నాలుగో చెక్క దూరాక మాస్టారు, నేను వాణ్ని చంకల కింద పట్టి లాగాం. నా ఫోన్ ప్రకారం పదకొండు నిమిషాలు పట్టింది.

కాలు వంకర తిరిగి ఉంది. అంబులెన్సు వచ్చేదాకా కదపొద్దన్నాడు లైన్‌మన్. కాలికి రెండు వైపులా పొగచూరిన రీపరు ముక్కలు పెట్టి, అమ్మ తువ్వాలు చింపి కట్టాం.

ఏతం లెక్క

అమలాపురంలో ఎక్స్‌రే తీశారు. మోకాలి కింద రెండు ఎముకలూ విరిగాయి. సాయంత్రం ఆపరేషన్ చేసి లోపల రాడ్ వేస్తామన్నారు. తలకి, వెన్నుకి ఏమీ కాలేదు. ఏజెంటు భార్య వరండాలో మా నలుగురినీ ఒకసారి చూసింది. ఏమీ అనలేదు. తిట్టి ఉంటే బాగుండేది.

మాస్టారు ఒక మూల బెంచీ మీద కూర్చుని మందుల చీటీ వెనక లెక్కలు వేస్తున్నాడు. వాడికి భయమేసినా, బాధేసినా చేసే పని అదే.

"చూడండిరా. ఘనపుటడుగు కాంక్రీటు సుమారు 68 కిలోలు. గోడ బయటికి వచ్చిన సజ్జ ఐదు ఘనపుటడుగులు. అంటే 340 కిలోలు. దాని తొమ్మిదంగుళాల తోక గోడలో ఉంది. ఆ తోక మీద కూర్చున్న గోడ పదడుగుల పొడవు, నాలుగడుగుల ఎత్తు, ముప్పావు అడుగు మందం, ముప్పై ఘనపుటడుగులు. అడుగుకి 54 కిలోల చొప్పున 1,600 కిలోలు. ఆ గోడ మీద మళ్లీ దూలం, పెంకులు."

"అయితే?"

"ఏతం గుర్తుందా? ఒక చివర బాన, ఇంకో చివర దాని మీద నడిచే మనిషి. మనిషి దిగిపోతే బాన ఎటు పోతుంది? సజ్జా అంతే. మూడున్నర క్వింటాళ్ల పలక గాల్లో వేలాడుతోందంటే, పదహారు క్వింటాళ్ల గోడ దాని తోకను తొక్కిపట్టి ఉంచింది కాబట్టి. పొద్దున్నే పైకప్పు తీశాం. పదకొండుకి గోడ సగం తీశాం. తీసిన ఇటుకల్లో దాదాపు రెండు క్వింటాళ్లు పలక మీదే పేర్చాం." పెన్ను జేబులో పెట్టుకున్నాడు. "దాన్ని పట్టి ఉంచే బరువు తీసి, దాన్ని పడదోసే బరువుగా మార్చాం. అదీ చాలా జాగ్రత్తగా, ఒక్కొక్క ఇటుకా లెక్కపెట్టి."

పైనుంచి కిందికి అనే సూత్రం తప్పు కాదు. గోడలోంచి పొడుచుకొచ్చిన వాటికి మాత్రం అది చాలదు. వంటింటి సజ్జయినా, కిటికీ మీది సన్‌షేడ్ అయినా, స్తంభం లేని బాల్కనీ అయినా చాలావరకు తోకను తొక్కిపట్టే బరువు వల్లే నిలబడతాయి. ఆ బరువు తీస్తే తేలిక కావు, తిరగబడతాయి.

మర్నాడు మేస్త్రిని పిలిచాం. 1987లో వంటిల్లు కట్టిన మేస్త్రి ఇప్పుడు లేడు. వాళ్లబ్బాయి వచ్చాడు. కూలిన చోటు చూసి, తలపాగా తీసి చేత్తో పట్టుకున్నాడు.

"గోడ తియ్యకముందే సజ్జ కింద సరుగుడు బాదులు బిగించాలండీ. లేపోతే ముందు సజ్జనే ముక్కలు కొట్టేసుకోవాలండీ, కింద ఎవర్నీ ఉండనివ్వకుండా. ఇటుకలు దాని మీద పెట్టారా? ఓర్నాయనో." కాసేపాగి అన్నాడు. "కట్టినప్పుడు మా నాన్న ఏ వరసలో చేశాడో, విప్పేటప్పుడు దానికి తలకిందుల వరసలో చెయ్యాలండీ. అంతేనండి ఇందులో విద్య."

అప్పటిదాకా గుమ్మంలో నిలబడ్డ అమ్మ నోరు విప్పింది.

"బాదులు పెట్టాలని నాకు తెలుసుగా."

అందరం ఆమె వైపు తిరిగాం.

"అప్పుడు నెల రోజులు ఆ బాదుల మధ్యే వండాను. బయట గాలికి పొయ్యి నిలవట్లేదని, పైన కొబ్బరాకులు కప్పించుకుని లోపలికి వచ్చేశా. ఇటు వంగితే ఒక బాదు, అటు తిరిగితే ఒక బాదు. నుదురు ఎన్నిసార్లు కొట్టుకున్నానో. తీయించండి మహాప్రభో అని రోజూ పోరేదాన్ని. మీ నాన్న, వీళ్ల నాన్న ఒకటే మాట. పైన గోడ లేచి దూలం ఎక్కేదాకా తియ్యకూడదు, తీస్తే సజ్జ తిరగబడుద్ది అని." చీరకొంగు సర్దుకుంది. "అడిగితే చెప్పేదాన్ని కదా నాయనా."

అడగలేదు. కాంట్రాక్టరును అడిగాం, గ్రూపును అడిగాం, అమెరికా వీడియోలను అడిగాం. 37 ఏళ్లు ఆ గదిలో వండిన మనిషిని దుమ్ము పడదని పెరట్లో కూర్చోబెట్టాం.

ఈ సంగతి ఆస్పత్రిలో ఏజెంటుకి చెప్పాను. వాడు కాసేపు పైకప్పు చూస్తూ పడుకున్నాడు. తర్వాత చెయ్యెత్తి నుదుటి మీద తడుముకున్నాడు. "ఒరే, ఆ బాదు నాకూ తగిలిందిరా. సోడా తాగుతూ వెనక్కి తిరిగి కొట్టుకున్నాను. మీ అమ్మే పసుపు అద్దింది." మళ్లీ వాడే నవ్వాడు. "ప్రమాద బీమా గురించి పాతికేళ్లుగా మీకు చెప్పి చెప్పి నోరు నొప్పెట్టింది. ఇప్పుడు కాలు చూపించి అడుగుతున్నా. కడతారా?"

ముగ్గురు కట్టారు. నాకు ముందే ఉంది.

రోలు

మిగిలిన గోడలు మేస్త్రి, ఇద్దరు కూలీలు రెండు రోజుల్లో తీసేశారు. కిటికీ మీది సన్‌షేడ్‌కి ముందు బాదులు బిగించి, తర్వాత దాన్ని చివరి నుంచి లోపలికి ముక్కలు ముక్కలుగా కొట్టి, ఆ పైనే గోడ జోలికి వెళ్లారు. కింద ఎవరూ రాకుండా తాడు కట్టారు. మేం పెరట్లో కుర్చీలు వేసుకుని చూశాం. మధ్య కుర్చీ అమ్మది.

కొత్త వంటింటి ప్లానులో ఇంజనీరు సజ్జ గీయలేదు, అల్మారాలు చాలన్నాడు. అమ్మ ఒప్పుకోలేదు. ఏడడుగుల ఎత్తున సజ్జ వచ్చింది. దాని బాదులు ఎప్పుడు తీయాలో ఈసారి మేస్త్రి అమ్మను అడిగి తీశాడు. మర్యాద కోసమే అడిగాడనుకుంటా. కానీ అడిగాడు.

పసుపు రాసి, దణ్ణం పెట్టాక రోలు చివరికి కదిలింది. ఇప్పుడు పెరట్లో కొబ్బరిచెట్టు మొదట్లో ఉంది. పలక ఆనిన చోట అంచుకి బొటనవేలంత పెచ్చు ఊడింది. ఏజెంటు మూడు నెలలు మంచం మీద ఉండి, దసరాకి కర్ర లేకుండా మా ఇంటికి నడిచొచ్చాడు. చెప్పులు విప్పి నేరుగా రోలు దగ్గరికే వెళ్లాడు. వాళ్ల పెద్దమ్మాయికి వేరే సంబంధం కుదిరింది. వాళ్లు కారు అడగలేదు.

మీరూ పాత వంటిల్లు కూల్చే ఆలోచనలో ఉంటే, స్నేహితులను పిలవండి, కానీ పెంకులు దించడానికి, సామాను మోయడానికి, పెసరట్లు తినడానికి. గోడల పని తెలిసినవాళ్లకి వదలండి. మెయిన్ కట్టేసి ఫ్యూజులు జేబులో వేసుకోండి. సిలిండరు బయట పెట్టండి. గోడలోంచి పొడుచుకొచ్చినది ఏదైనా సరే, దానికి ఊతం పెట్టకుండా పైన ఒక్క ఇటుక కూడా తీయకండి, దాని మీద ఒక్క ఇటుక కూడా పెట్టకండి, దాని నీడన ఎవర్నీ కూర్చోనివ్వకండి. వీటన్నిటికంటే ముందు, ఆ గదిలో వండిన మనిషిని పిలిచి, ఇది ఎలా కట్టారో చెప్పమని అడగండి. ఆవిడ చెప్పడం పూర్తయ్యేదాకా సమ్మెట ఎత్తకండి.